నేను కోసిన డోర్ వైరు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కార్ల కరెంటు పని చేసేవాడికి ఆ నమ్మకం ఉంటే దుకాణం నడవదు. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. దానంతట అదే హారన్ కొట్టిన బండి నా దగ్గరికి వచ్చింది. తాళం పెట్టకుండానే వైపర్లు ఆడిన బండి వచ్చింది. "అన్నా, గీ బండిల ఏదో ఉన్నదే, నేను ఎక్క" అని డ్రైవర్ మొండికేసిన బండి కూడా వచ్చింది. అన్నీ విప్పి చూశాను. ఒకదాంట్లో వాననీళ్లు దిగాయి, ఒకదాంట్లో ఎర్త్ వదులైంది, మిగతావాటిలో ఎలుక వైరు కొరికింది. నేను పట్టుకున్న దయ్యాల్లో చాలావాటికి తోకలున్నాయి.

కాబట్టి ఇది చదివి "వీడూ మొదలుపెట్టాడు" అనుకునేవాళ్లను తప్పుపట్టను. ఇంకొకరు వచ్చి చెబితే నేనూ అదే అనేవాణ్ని. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నా తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి రాసేదైతే రాయడమే దండగ.

మా అక్క లలిత మెట్‌పల్లిలో ఉంటుంది. నాకంటే ఆరేళ్లు పెద్దది. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకన వేసుకుని తిరిగింది ఆమే. నేను మొదటిసారి కరెంటు వైరు పట్టుకుని షాక్ కొట్టించుకుంటే కట్టెతో వైరు కొట్టి విడిపించిందీ ఆమే. బావకు మెట్‌పల్లిలోనే విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఒక కూతురు, శ్రావణి, డిగ్రీ చదువుతోంది.

నాలుగేళ్ల కింద అక్కకు గుండెలో వాల్వు మార్చారు. అప్పటి నుంచి రక్తం పల్చబడే గోళీలు రోజూ వేసుకోవాలి. నెలకోసారి కరీంనగర్ వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టరు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. ఒకటి, వేడి తగలనివ్వొద్దు. రెండు, దెబ్బ తగలనివ్వొద్దు. మనకు బొప్పి కట్టి తగ్గిపోయే దెబ్బ ఆమెకు ప్రాణం మీదికి తెస్తుంది, లోపల రక్తం కారడం మొదలైతే ఒక పట్టాన ఆగదు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్క ఇంట్లో పీటలు, బిందెలు కూడా దారిలో ఉండవు.

మన ఎండలు కొత్తగా చెప్పేదేముంది. దుకాణం ముందు గంటసేపు నిలిపిన కారు తలుపు తీస్తే కాలుతున్న పెనం మీది ఆవిరి మొహానికి కొట్టినట్టుంటుంది. అక్క అందులో కూర్చోగానే ఆయాసపడేది. ఏసీ చల్లబడేసరికి బండి కోరుట్ల దాటేది. ఒకరోజు బావ ఫోన్లో ఏదో వీడియో చూశాడు. ఇంట్లో కూర్చుని రిమోట్ నొక్కితే బయట కారు స్టార్ట్ అవుతుంది, ఏసీ నడుస్తుంది, మనిషి వెళ్లేసరికి లోపల చల్లగా ఉంటుంది. వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, గిది మన బండికి పెట్టొచ్చా? మీ అక్క పానం జర నిమ్మలముంటది."

పెట్టొచ్చు. కానీ బావది గేర్ల బండి. ఆటోమేటిక్ బండి అయితే పార్కింగ్‌లో పెడితే తప్ప స్టార్ట్ కాదు, దానికి రిమోట్ పెట్టినా భయం లేదు. గేర్ల బండిని ఎవరైనా ఫస్ట్ గేరులో వదిలి దిగారనుకోండి, రిమోట్ నొక్కగానే ఇంజన్‌తో పాటు బండి కూడా ముందుకు దూకుతుంది. బ్రేకు తొక్కడానికి లోపల ఎవరూ ఉండరు. పైగా ఆ బండి క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే రకం. రిమోట్ పని చేయాలంటే క్లచ్ దగ్గరి స్విచ్ వైర్లు రెండూ కలిపేసి, క్లచ్ ఎప్పుడూ తొక్కే ఉన్నట్టు బండిని నమ్మించాలి. నేను అదే చేశాను.

ఈ ప్రమాదానికి ఆ రిమోట్ కిట్‌లోనే ఒక కాపలా ఉంటుంది. బండి ఆపేటప్పుడు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగానే రిమోట్ మీది బటన్ నొక్కి తాళం చెవి తీయాలి. ఇంజన్ ఆగదు. మనం దిగి తలుపు వేసేంత సమయమిచ్చి, నిమిషం తర్వాత దానంతట అదే ఆగుతుంది. క్లచ్ మీద కాలు లేకుండా కూడా ఇంజన్ నడిచిందంటే బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే కదా, కిట్ ఆ సంగతి గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ తలుపు తెరిచినా, లోపలికి వెళ్లిన మనిషి గేరు మార్చి ఉండొచ్చని కిట్ రిమోట్‌ను కట్ చేస్తుంది. ఎంత నొక్కినా స్టార్ట్ కాదు. స్టీరింగ్ కింద చిన్న లైటు ఐదుసార్లు వెలిగి ఆరుతుంది. తలుపు తెరిచారు అని దానర్థం.

పెద్ద కిట్లలో ఇంకా రెండు మూడు కాపలాలుంటాయి. నేను పెట్టినదాంట్లో ఉన్నది, తలుపు తెరిచినట్టు కిట్‌కు చెప్పే ఈ ఒక్క డోర్ వైరే.

ఎండాకాలమంతా బ్రహ్మాండంగా పని చేసింది. రక్తపరీక్షకు వచ్చినప్పుడల్లా అక్క నా దుకాణం ముందు నవ్వుతూ దిగేది. "తమ్మీ, నీ పుణ్యమారా, ఫ్రిజ్జుల కూసొని వచ్చినట్టున్నది" అనేది. నాకు దుకాణంలో పనివాళ్ల ముందు ఛాతీ ఉబ్బేది. లేదని అబద్ధం చెప్పను.

వానలు పడ్డాక ఒకరోజు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"నీ రిమోట్ పన్జేస్తలేదే. లైటు ఐదుసార్లు కొడుతున్నది."

"రాత్రి ఎవలన్న డోర్ తీసిన్రా?"

"ఎవలు తీస్తరు? షెడ్డుకు తాళం, బండికి తాళం. చెవి నా దిండు కింద."

వెళ్లాను. వానాకాలం కదా, డోర్ స్విచ్‌లో చెమ్మ చేరిందనుకుని తుడిచి వచ్చాను. వారానికే మళ్లీ ఫోన్. ఈసారి స్విచ్‌లు నాలుగూ కొత్తవి వేశాను. వేసి ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పడుకునే ముందు నాలుగు తలుపుల సందుల మీద కాగితం టేపు అంటించి, ఒక్కో టేపు మీద పెన్నుతో అడ్డంగా సంతకం చేశాను. తలుపు తెరిస్తే టేపు చిరగాలి, లేదంటే సంతకం విరగాలి. నా అనుమానం బావ మీదే. సిగరెట్లు మానేశానని అక్కకు ఒట్టేసి, షెడ్డులో బండెక్కి తాగుతున్నాడేమోనని.

పొద్దున చూస్తే టేపులన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రిమోట్ నొక్కాను. స్టార్ట్ కాలేదు. లైటు ఐదుసార్లు వెలిగింది.

తలుపుల స్విచ్‌లు ఒక్కొక్కటే ఊడదీయిస్తూ, పది రోజులు ఫోన్లో చెప్పి బావతో పరీక్ష చేయించాను. ప్రతిసారీ దోషం డ్రైవర్ తలుపుదే. మిగతా మూడు తలుపులూ ఎప్పుడూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. స్విచ్ కొత్తది, వైరు కొత్తది, ఎలుక లేదు, చెమ్మ లేదు. కిట్ మాత్రం రోజు విడిచి రోజు డ్రైవర్ తలుపు తెరిచి ఎవరో ఎక్కారనే అంటోంది. నాకు చిరాకు పుట్టింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, అగ్గిపెట్టెంత కిట్ నన్ను వెర్రివాణ్ని చేస్తోందని కోపం వచ్చింది.

బతుకమ్మ పండుగకు ముందు రక్తపరీక్ష రోజు అసలు సంగతి జరిగింది. మెట్‌పల్లిలో బావ దుకాణం ముందు ఎండలో ఉన్న బండి రిమోట్‌కు పలకలేదు. ఆలస్యమవుతోందని అక్క ఆ వేడిలోనే ఎక్కింది. కోరుట్ల దాటకముందే ఆయాసం ఎక్కువై, కళ్లు తిరిగి, బావ బండి పక్కకు ఆపి నీళ్లు తాగించాల్సి వచ్చింది. నా దుకాణం దగ్గర దిగేసరికి ఆమె పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్నొక్క మాట అనలేదు. "జర నీడకు కూసుంటరా" అంది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్లు లోపల చాయ్ తాగుతుండగా నేను స్టీరింగ్ కింద దూరి డోర్ వైరు కోసేశాను. రెండు కొసలకూ టేపు చుట్టాను. ఇక ఏ తలుపు ఎన్నిసార్లు తెరిచినా కిట్‌కు తెలియదు. రిమోట్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, అంతే.

"ఇగ ఫికర్ లేదు బావా," అన్నాను. "గేర్ల పెట్టి మాత్రం దిగకు."

"నేనెందుకు పెడ్తనే?" అన్నాడు బావ.

కాపలా తీసేశానని చెప్పలేదు. చెబితే నా చేతకానితనం బయటపడుతుందనిపించింది. ఇదీ నా తప్పు.

దసరాకు మెట్‌పల్లి వెళ్లాను. మా దగ్గర దసరా అంటే బండ్ల పూజ. బావ పొద్దున్నే కారును షెడ్డులోంచి తీసి గేటు బయట ర్యాంపు మీద నిలిపాడు. ముక్కు రోడ్డు వైపు, తోక గేటు వైపు. పద్ధతి ప్రకారం న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, బటన్ నొక్కి దిగాడు. ఇంజన్ ఆగింది. అంతవరకు సరిగ్గానే చేశాడు.

ఆ తర్వాత బండి కడిగాడు. కడిగిన బండికి హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే తడికి వెనక బ్రేకులు పట్టేస్తాయి. అందుకని మా వైపు బండి నడిపేవాళ్లందరికీ ఒక అలవాటు. కడగగానే హ్యాండ్‌బ్రేకు దించి, ఫస్ట్ గేరులో పెట్టి వదిలేస్తారు. నాకూ ఉంది ఆ అలవాటు. బావ తలుపు తీసి, కాళ్ల కింది మ్యాట్లు తీసి గోడ మీద ఆరేసి, అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేకు దించి గేరు వేశాడు. నేను గేర్ల పెట్టొద్దన్న మాట ఆ క్షణాన గుర్తుకు రాలేదట. ఆ సమయానికి నేను స్నానం చేస్తున్నాను. డోర్ వైరు ఉండి ఉంటే తలుపు తీసిన క్షణాన్నే రిమోట్ కట్ అయ్యేది.

పది గంటలకు పూజ మొదలైంది. అక్క బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టింది, బంతిపూల దండ కట్టింది. ఇక టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలి. వెనకవి పెట్టి, ముందుకు వచ్చి బంపర్ ముందు గొంతుకు కూర్చుంది. శ్రావణి రోడ్డు మీద నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది. నేను బండి వెనక, గేటు పట్టుకుని నిలబడ్డాను, చేతిలో కొబ్బరికాయ. "మామా, జర నవ్వు, పండుగ పూట గట్ల నిలవడ్డవేంది" అంది శ్రావణి. నవ్వాను.

బావ వరండాలో పక్కింటాయనకు రిమోట్ చూపిస్తున్నాడు. కిందికి కూర్చున్న అక్క బండి అడ్డం ఉండి బావకు కనపడదు. పూజ కాగానే అక్కను చల్లటి బండిలో ఒక చక్కర్ తిప్పుదామని ఆయన ఆశ.

నా ముందున్న రెండు బ్రేక్ లైట్లూ ఎర్రగా వెలిగాయి. ఎవరో ఎక్కి బ్రేకు తొక్కారనుకున్నాను. మరుక్షణం ఇండికేటర్లు రెండుసార్లు మెరిసి ఇంజన్ స్టార్ట్ అయింది. అలా మెరవడం రిమోట్‌కు గుర్తు. తల తిప్పి చూస్తే బావ వరండాలోనే ఉన్నాడు, చెయ్యి చాపి రిమోట్ నొక్కుతూ. శ్రావణి రోడ్డు మీద ఉంది. అక్క బంపర్ ముందు ఉంది. ఇంట్లో ఇక బండెక్కే మనిషి లేడు.

బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

కొబ్బరికాయ కింద పెట్టి డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్లాను. అద్దంలోంచి చూశాను. హ్యాండ్‌బ్రేకు దించి ఉంది. గేరు ఫస్టులో ఉంది. సీట్లో ఎవరూ లేరు. కింద క్లచ్, బ్రేకు రెండు పెడళ్లూ నేలకు ఆని ఉన్నాయి. వాటి మీద పాదం లేదు.

ఆ రెండింట్లో ఏది పైకి లేచినా బండి అక్క మీదికి పోతుంది.

"అక్కా, లేవ్! పక్కకు జరుగు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆమె నిమ్మళంగా చీర సర్దుకుని లేచి, రెండడుగులు పక్కకు వేసింది. అప్పుడు తలుపు తీసి, ఖాళీ సీటు మీదుగా వంగి గేరు రాడ్ పట్టుకుని లాగాను. క్లచ్ పూర్తిగా తొక్కితే ఎలా వస్తుందో అలా చప్పుడు లేకుండా న్యూట్రల్‌లోకి వచ్చింది. హ్యాండ్‌బ్రేకు బలమంతా పెట్టి లాగాను.

అప్పుడు క్లచ్ పెడల్ పైకి లేచింది. గబుక్కున లేస్తే స్ప్రింగు తన్నిందనుకునేవాణ్ని. మెల్లగా, అలవాటున్న మనిషి కాలు తీసినట్టు లేచింది. దాని తర్వాత బ్రేకు లేచింది. నా ముఖం ఆ పెడళ్లకు మూరెడు దూరంలో ఉంది. సీటు మీద చెయ్యి పెట్టి చూడాల్సింది. భయం వేసింది, పెట్టలేదు.

"ఏమైందే?" అని వరండాలోంచి బావ అడిగి, రిమోట్ నొక్కి ఇంజన్ ఆపాడు.

అక్క నా దగ్గరికి వచ్చింది. "ఎందుకురా గట్ల ఒర్రుతున్నవ్?" అని, నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వెప్పుడు దిగినవ్?" అంది.

నాకు ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. నీళ్లు తాగొస్తానని ఇంట్లోకి పోయాను. పావుగంటకు బయటికి వచ్చి కొబ్బరికాయ కొట్టాను. పూజ అయిపోయింది. బావకు గేరు సంగతి ఒక్కటే చెప్పాను, ఆయన తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మిగతాది ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం అందరూ జమ్మికి పోయారు. తలనొప్పి అని నేను ఆగాను. బండిని అదే ర్యాంపు మీద అలాగే పెట్టి, కింద పడుకుని చూశాను. అది కేబుల్ క్లచ్. కేబుల్ ఎక్కడా పట్టేయలేదు, స్ప్రింగు బలంగా ఉంది. చేత్తో పెడల్ అదిమి వదిలితే టక్కున పైకి కొడుతోంది. మ్యాటు అడ్డం పడింది అందామంటే మ్యాట్లు గోడ మీద ఆరుతున్నాయి. ఒకవేళ ఒక పెడల్ పట్టేసినా, రెండూ ఒకేసారి ఎందుకు పట్టేస్తాయి?

చివరికి ఒక ఖాళీ ఎరువుల సంచిలో ఇసుక నింపి, అక్క కూర్చున్న చోట నిలబెట్టాను. రోడ్డు అటూ ఇటూ చూసి, ఫస్ట్ గేరులో, హ్యాండ్‌బ్రేకు లేకుండా, ఖాళీ బండిని రిమోట్‌తో స్టార్ట్ చేశాను. బండి ఒక్క దూకు దూకింది. సంచి బంపర్ కింద పడి పగిలింది. ముందు టైరు దాని మీదికి ఎక్కి, ఇంజన్ ఆగిపోయింది. ఇసుక రోడ్డంతా పారింది. అది చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా వాళ్లు జమ్మి పట్టుకుని వచ్చేలోగా ఇసుక ఊడ్చి, కిట్ మొత్తం వైర్లతో సహా పీకేశాను.

బండి దగ్గర ఏమీ దొరకలేదు కాబట్టి, బండి పాత సంగతి తెలుసుకోవాలనిపించింది. నమ్మకం లేనివాణ్ని ఎందుకు పోయానంటే చెప్పలేను. ఆ కారును బావ మూడేళ్ల కింద ఇచ్చోడలో ఒక బడిపంతులు దగ్గర కొన్నాడు. పండుగ అయిన రెండు వారాలకు నిర్మల్ మీదుగా బస్సులో పోయాను. సార్ చచ్చిపోయి ఉంటాడని, లేదంటే ఆ బండిలో ఎవరో పోయి ఉంటారని దారి పొడుగునా అనుకున్నాను.

సారే తలుపు తీశాడు. నిక్షేపంలా ఉన్నాడు. చాయ్ పోయించి, "బండి మంచిగ నడుస్తున్నదా? నా భార్య డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లనే" అన్నాడు. భార్య కూడా వచ్చి పలకరించింది. ఏమైనా దెబ్బ తగిలిందా, ఎవరికైనా ఏమైనా అయిందా అని తిప్పి తిప్పి అడిగాను. "గీత కూడ పడలే. ఎందుకు, ఏమన్న పరేషానా?" అన్నాడు పాపం. ఏం లేదు సార్ అని లేచాను. చచ్చినవాడు ఒకడు దొరికి ఉంటే నా మనసు కుదుటపడేది. ఎవరూ దొరకలేదు.

వచ్చేటప్పుడు మెట్‌పల్లిలో దిగాను. మధ్యాహ్నం వేళ, బావ దుకాణంలో ఉన్నాడు, శ్రావణి కాలేజీకి పోయింది. అక్క ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇక మోయలేక మొత్తం చెప్పేశాను. డోర్ వైరు నేనే కోశానని, అది ఉంటే బండి స్టార్టే అయ్యేది కాదని, చెప్పడానికి సిగ్గై దాచానని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

అక్క చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"గందుకేనారా," అంది. "ఆనాటి సంది అనుకుంటున్న, పండుగ పూట వీనికి ఏం దుఃఖమొచ్చెనో అని."

"నాకేం దుఃఖం?" అన్నాను.

"రెండో నిమ్మకాయ పెట్టంగ తలెత్తి చూసిన. నువ్వు లోపట స్టీరింగ్ వట్టుకొని కూసున్నవ్. కండ్లు ఎర్రగున్నయ్, మొకమంత తడి. ఏడ్చి ఏడ్చి ఉన్నవ్. కాళ్లు బిగవట్టినట్టు వెనుకకు ఒరిగి, రెప్ప గొట్టకుంట నన్నే చూస్తున్నవ్. మా తమ్ముడున్నడు గద లోపట అని నేను నిమ్మలంగ నిమ్మకాయ వెట్టిన."

శ్రావణి నాకు పంపిన వీడియో ఫోన్లో ఉంది. తీసి చూపించాను. అందులో ముందు అద్దం మీద ఆకాశం మెరుస్తూ లోపల ఏమీ కనపడదు. బండి వెనక గేటు దగ్గర కొబ్బరికాయతో నేను స్పష్టంగా ఉన్నాను. ఇండికేటర్లు మెరవకముందే, బండి డ్రైవర్ వైపుకు కొంచెం కుంగుతుంది, మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు కుంగినట్టు. శ్రావణి తన చెయ్యి కదిలిందంటుంది. కావచ్చు. గోడ కదల్లేదు, గేటు కదల్లేదు.

అక్క రెండుసార్లు చూసింది. ఫోన్ నా చేతికిచ్చింది.

"గిదీ నువ్వే," అంది. "గదీ నువ్వే. నాకు గంతే తెలుసు." మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. నన్ను ఎందుకలా చేశావని ఈరోజు వరకు అడగలేదు.

వీడియోలో నేను నవ్వుతున్నాను. అక్క నిమ్మకాయ పెడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. బండి గేరులో ఉందని కానీ, నేను చేసిన పని ఎక్కడికి వచ్చిందని కానీ అప్పటికి నాకు తెలియదు.

నీళ్లు తాగొస్తానని లోపలికి పోయిన ఆ పావుగంట నేను బాత్రూంలో ఉన్నాను. గడియ పెట్టి, ఎవరికీ వినపడకుండా నల్లా విప్పి ఏడ్చాను. ఏడుపు ఆగాక అద్దంలో చూసుకుంటే కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖమంతా తడి. కడుక్కుని, తుడుచుకుని, మామూలు ముఖంతో బయటికి వచ్చాను. అద్దంలోని ఆ ముఖాన్ని నేను తప్ప ఎవరూ చూడలేదు. అక్క దాన్ని అంతకంటే ముందే, బండి అద్దంలోంచి చూసింది. ఎలా చూసిందో నేను చెప్పలేను.